నెలకు ఎన్ని బస్తాలొస్తాయి: ముందే ఉద్యోగం మానేసేవాళ్లకు పోస్టాఫీసు ఎంఐఎస్

నలభై అయిదో యాభయ్యో రాగానే ఉద్యోగానికి దండం పెట్టి, హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో కువైట్ నుంచో అమలాపురం, రాజోలు, పాలకొల్లు వైపు వచ్చేసేవాళ్లు చేతిలో డబ్బు పట్టుకుని ముందుగా అడిగే మాట ఒకటే: నెలనెలా ఖాయంగా ఎంతొస్తుంది? ఊళ్లో పెద్దవాళ్లు చూపించే దారి కూడా ఒకటే. పోస్టాఫీసు మంత్లీ ఇన్‌కమ్ స్కీము, ముద్దుగా ఎంఐఎస్. 1987 నుంచీ ఉన్న పథకం. మాస్టార్లూ బ్యాంకు రిటైర్డు ఉద్యోగులూ వేసుకుని దశాబ్దాలుగా వాడుతున్నది. అయితే వాళ్లు 58కో 60కో దిగినవాళ్లు, చాలామందికి పక్కన పెన్షన్ ఉంది. నలభై ఏడేళ్లకే జీతం ఆపేసుకున్న మనిషికి ఇది ఎంతవరకు సరిపోతుందన్నదే ఈ సమీక్ష.

తీర్పు ముందే చెప్పేస్తాం. ఇంటి కనీస ఖర్చులో ఓ మూడో వంతును మోయడానికి, అదీ మొదటి అయిదేళ్లకు, ఇంతకంటే నిశ్చింతైనది దొరకడం కష్టం. దీనిమీదే జీవితమంతా వెళ్లదీద్దామనుకుంటే మాత్రం కూర్చున్న కొమ్మ ఏటేటా సన్నబడుతుంది.

ముందు లెక్క. రేటు 2023 ఏప్రిల్ నుంచి ఏడాదికి 7.4 శాతం. మన వాడుకలో చెప్పాలంటే నూటికి నెలకు దాదాపు అరవై రెండు పైసలు. ప్రామిసరీ నోటు మీద నూటికి నెలకు రూపాయిన్నర, రెండు రూపాయలు వడ్డీ వినడానికి అలవాటుపడ్డ చెవికి ఇది చప్పగానే ఉంటుంది. ఒక్కరి పేరున గరిష్ఠం 9 లక్షలు, నెలకు 5,550 రూపాయలు. జాయింటు ఖాతాలో 15 లక్షలు, నెలకు 9,250. అయిదేళ్ల గడువు. తెరిచిన రోజున ఉన్న రేటే అయిదేళ్లూ ఉంటుంది, మధ్యలో పెరగదు, తగ్గదు. ప్రభుత్వం మూడు నెలలకోసారి రేట్లు సవరిస్తుంది కాబట్టి తెరవడానికి వెళ్లే రోజున అమల్లో ఉన్న రేటు చూసుకోవాలి.

భార్యాభర్తలు చాలామంది చేసే పొరపాటు ఇక్కడే. జాయింటులో 15 లక్షలు వేసి "మా కోటా అయిపోయింది" అనుకుంటారు. జాయింటు ఖాతాలో ఇద్దరి వాటా సమానం, అంటే మనిషికి ఏడున్నర లక్షలు. ఒక్కొక్కరి పరిమితి 9 లక్షలు కాబట్టి ఇంకా చెరో లక్షన్నర విడిగా వేసుకోవచ్చు. లేదా అసలు జాయింటు జోలికే పోకుండా చెరో 9 లక్షలు. ఎలా చేసినా ఇంటికి 18 లక్షలు, నెలకు 11,100. ఒక చిక్కు మాత్రం ఉంది. భార్యకు సొంత సంపాదన లేక, భర్త ఇచ్చిన డబ్బుతోనే ఆమె పేరున ఖాతా తెరిస్తే ఆ వడ్డీ పన్ను లెక్కల్లో భర్త ఆదాయంలోకే వచ్చి కలుస్తుంది. క్లబ్బింగ్ అంటారు దీన్ని. కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా మామూలు ఆదాయానికి రిబేటు ఉంది కాబట్టి ఉద్యోగం మానేసినవాళ్లలో చాలామందికి చేతి నుంచి పోయేదేమీ ఉండకపోవచ్చు. అయినా రిటర్నులో చూపించాల్సిందే. ఈ పథకానికి పొదుపులకిచ్చే పన్ను మినహాయింపు (పాత 80సీ) లేదు, వడ్డీ పన్ను లేనిది కూడా కాదు.

18 లక్షలకు ఏడాదికి 1,33,200 వస్తుంది. ఇదెంతో డెల్టాలో ఉన్నవాడికి అర్థం కావాలంటే కౌలు పక్కన పెట్టి చూడాలి. సార్వా (వానాకాలం పంట), దాళ్వా (రెండో పంట) రెండూ కలిపి ఎకరానికి ఏడాదికి 25 బస్తాలు మక్తా, అంటే ఖాయంగా ఇచ్చే కౌలు, అనుకుందాం. 2025–26లో సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు 2,369, అంటే 75 కిలోల బస్తా 1,777 రూపాయలు. ఎకరం కౌలు 44,425. మూడెకరాల కౌలు 1,33,275. పోస్టాఫీసులో 18 లక్షలూ, చేలో మూడెకరాలూ ఇంచుమించు ఒకటే ఇస్తున్నాయన్నమాట. కాలువ కింద మూడెకరాలు 18 లక్షలకు ఇప్పించమని ఎవరినైనా అడిగి చూడండి, నవ్విపోతారు. చేతికొచ్చే రొక్కం ఒక్కటే చూసుకుంటే భూమి కొని కౌలుకివ్వడం కంటే పోస్టాఫీసు ఎన్నో రెట్లు మేలు. పైగా కౌలుకు తుపాను భయం ఉంది. 1996 నవంబరులో కోనసీమ కొబ్బరి ఏమైపోయిందో ఇప్పటికీ చెప్పుకుంటారు. 2011 సార్వాకు రైతులే పంట విరామం ప్రకటించారు. ఆ ఏడు మక్తా ఎవరిని అడుగుతారు?

కాని ఇదే బస్తాను పట్టుకుని వెనక్కి వెళితే పథకం అసలు బలహీనత బయటపడుతుంది. 2013 ఏప్రిల్లో ఎంఐఎస్ రేటు 8.4 శాతం. అప్పటి పరిమితి ఒక్కరికి 4.5 లక్షలు, నెలకు 3,150 వచ్చేది. 2013–14 మద్దతు ధర క్వింటాలుకు 1,310, బస్తా 982 రూపాయల చిల్లర. ఆ వడ్డీతో నెలకు మూడు బస్తాల పైన కొనుక్కోవచ్చు. అయిదేళ్లకు, 2018 ఏప్రిల్లో, అదే డబ్బు తిరిగి వేస్తే రేటు 7.3, నెలకు 2,737. మళ్లీ 2023 ఏప్రిల్లో వేస్తే 7.4, నెలకు 2,775. 2025–26కల్లా బస్తా 1,777కి చేరింది. మూడు బస్తాల వడ్డీ ఒకటిన్నర బస్తా అయింది. అసలు ఒక్క రూపాయి పోలేదు, పాస్‌బుక్కులో నాలుగున్నర లక్షలూ భద్రంగానే ఉన్నాయి. పన్నెండేళ్లలో ఇల్లు మాత్రం సగానికి దిగింది. కౌలు బస్తాల్లో మాట్లాడుకుంటారు కాబట్టి ధర పెరిగితే దానంతటదే పెరుగుతుంది. ఎంఐఎస్ రూపాయల్లో మాట్లాడుతుంది.

అరవై ఏళ్లకు దిగినవాడు ఈ తరుగును ఇరవై ఏళ్లు భరిస్తే చాలు. నలభై ఏడుకు దిగినవాడు నలభై ఏళ్లు భరించాలి. ధరలు ఏడాదికి 6 శాతం చొప్పున పెరిగితే ఇవాళ్టి 35,000 ఖర్చు పన్నెండేళ్లకు 70 వేలు దాటుతుంది. ఏడాది ఖర్చుకు పాతిక రెట్లు కూడబెడితే చాలన్న సూత్రం చాలామంది నోట వింటాం. అది 1994లో విలియం బెంగెన్ అమెరికా మార్కెట్ల చరిత్ర మీద, ముప్పై ఏళ్ల విశ్రాంతికి కట్టిన లెక్క. మన ధరలకూ, నలభై ఏళ్ల కాలానికీ అది ఇరుకవుతుంది. నెలకు 35,000 అయితే ఏడాదికి 4.2 లక్షలు, పాతిక రెట్లు 1.05 కోట్లు. ముప్పై మూడు రెట్లయితే దాదాపు 1.39 కోట్లు. రెండో అంకెనే నమ్మాలన్నది మా మాట. ఆ మొత్తంలో 18 లక్షలు ఎంఐఎస్‌లో ఉంటే ఫర్వాలేదు. మిగతాదాంట్లో చెప్పుకోదగ్గ భాగం పెరిగే చోట, అంటే షేర్ మార్కెట్ సూచీని అనుసరించే ఇండెక్స్ ఫండ్ల లాంటి వాటిలో ఉండాలి. ఎంఐఎస్ చేయగల మంచి పని అక్కడే ఉంది. మార్కెట్ పడ్డ ఏడు ఫండ్లు అమ్ముకోకుండా బియ్యం, పాలు, గ్యాసు, కరెంటు బిల్లు నడిపిస్తుంది.

అరవై నిండినవాళ్లకు 8.2 శాతం ఇచ్చే సీనియర్ సిటిజన్స్ స్కీము ఉండగా ఈ 7.4 ఎందుకని అడగవచ్చు. అది నలభై ఏడేళ్లవాళ్లకు ఇవ్వరు. వీఆర్ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) తీసుకున్నా సరే, 55 నిండాలి, అప్పుడు కూడా రిటైర్మెంటు డబ్బు చేతికొచ్చిన మూడు నెలల్లోపు వేయాలి. కొందరు తెలివిగా అమ్మ పేరునో నాన్న పేరునో 30 లక్షలు వేస్తారు. మూడు నెలలకోసారి 61,500 వస్తుంది, తల్లిదండ్రులకిచ్చిన డబ్బు మీద క్లబ్బింగ్ కూడా ఉండదు. లెక్క బాగుంది. కాని ఆ రోజు నుంచి చట్టం దృష్టిలో ఆ డబ్బు వాళ్లది. నామినీ అంటే వారసుడు కాదు, తీసుకుని హక్కుదారులకు అందించేవాడు. వీలునామా లేకుండా పెద్దాయన కాలం చేస్తే అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ వాటా అడుగుతారు, అడగడం న్యాయం కూడా. ఈ దారిలో వెళ్లేవాళ్లు ఖాతా తెరిచిన వారంలోనే వీలునామా రాయించుకోవాలి.

పీఎఫ్ డబ్బు తీసి ఎంఐఎస్‌లో వేయడం మరో సాధారణ తప్పు. ఉద్యోగం మానేసినా పీఎఫ్ ఖాతాకు 58 ఏళ్ల దాకా వడ్డీ పడుతూనే ఉంటుంది. 2024–25కి ఆ వడ్డీ 8.25 శాతం. మానేసిన తర్వాత పడే వడ్డీకి పన్ను లెక్క ఉంటుంది, అయినా 7.4 కంటే మెరుగే. నెలకు చేతికి రాదన్న ఒక్క కారణంతో దాన్ని కదిలించడం దండగ. పదేళ్ల సర్వీసు దాటినవాళ్లు పెన్షన్ వాటాను కూడా ముట్టుకోకూడదు. 58కి పూర్తి పెన్షన్, కావాలంటే 50 నుంచీ తీసుకోవచ్చు, కాకపోతే 58కి ఎన్నేళ్లు తక్కువైతే ఏడాదికి 4 శాతం చొప్పున కోత.

ఇక ఖాతా తెరిచే పని. ఆధార్, పాన్ తప్పనిసరి. రెండు ఫొటోలు, దరఖాస్తు, నామినేషన్. అదే పోస్టాఫీసులో పొదుపు ఖాతా ఉంటే వడ్డీ నేరుగా దాంట్లో పడుతుంది. లేకపోతే 500 రూపాయలతో ముందు అది తెరవాలి. వడ్డీని ఎంఐఎస్ ఖాతాలోనే వదిలేస్తే దానిమీద వడ్డీ రాదు. ఇది తెలియక ఏళ్ల తరబడి తీసుకోకుండా ఉంచేసి "పెరుగుతోంది కదా" అనుకునేవాళ్లున్నారు. డిపాజిట్ వెయ్యి గుణిజాల్లోనే. డబ్బు చెక్కు ద్వారా ఇవ్వడం మంచిది, చెక్కు మారిన రోజు నుంచే లెక్క. సర్వర్ పనిచేయక తిప్పి పంపే రోజులు ఏ ఊళ్లోనైనా ఉంటాయి. ఉద్యోగం మానేసినవాడికి ఇంకో రోజు రావడం కష్టమేమీ కాదనుకోండి. హైదరాబాదులో ఉండగా తెరిచిన ఖాతాను తర్వాత సొంతూరి పోస్టాఫీసుకు మార్చుకోవచ్చు.

గల్ఫ్ నుంచి వచ్చేవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. ఎన్నారై హోదా ఉండగా ఈ ఖాతా తెరవడం కుదరదు. వీసా ఇంకా చేతిలో ఉండి, ఆరు నెలలు ఇక్కడ ఆరు నెలలు అక్కడ తిరిగేవాళ్లు ముందు తమ నివాస హోదా ఏమిటో తేల్చుకోవాలి. శాశ్వతంగా దిగాక, బ్యాంకులో ఎన్నారై ఖాతాలను మామూలు ఖాతాలుగా మార్పించుకుని, ఆ తర్వాత పోస్టాఫీసు గడప తొక్కాలి.

ఏజెంటు ఇంటికొచ్చి ఫారాలు నింపిపెడతానంటే కాదనక్కర్లేదు. అతని కమీషన్ ప్రభుత్వమే ఇస్తుంది, మీరు ఇవ్వాల్సింది కాఫీ ఒక్కటే. రొక్కం మాత్రం చేతికివ్వకండి. పాస్‌బుక్కు కౌంటరులో మీరే తీసుకుని, ఎంట్రీ మిషను మీద ముద్రించి ఉందో లేదో, పేరూ మొత్తమూ గడువు తేదీ సరిగా ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి.

ఏజెంట్లు ఇష్టంగా చెప్పే కిటుకు ఒకటుంది. ఎంఐఎస్ వడ్డీని అలాగే ఆర్‌డీలోకి (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్లోకి) మళ్లించమంటారు. ఇంకా ఉద్యోగంలో ఉండి, నెలనెలా వడ్డీ అవసరం లేనివాళ్లకు ఇది చెబుతారు. లెక్కేస్తే: 9 లక్షల మీద వచ్చే 5,550ని 6.7 శాతం ఆర్‌డీలో అరవై నెలలు కడితే సుమారు 3.96 లక్షలు, అసలుతో కలిపి 12.96 లక్షలు. అదే 9 లక్షలు ఏ తతంగమూ లేకుండా 7.7 శాతం ఎన్ఎస్సీలో (పోస్టాఫీసు నేషనల్ సేవింగ్స్ సర్టిఫికెట్లో) పెడితే అయిదేళ్లకు 13.04 లక్షలు. వడ్డీ అక్కర్లేని రోజుల్లో ఎంఐఎస్ తెరవడమే అనవసరం. మరి కిటుకు ఎవరికి లాభమో చెప్పక్కర్లేదు. ఆర్‌డీకి విడిగా కమీషన్ ఉంది.

మధ్యలో మూసేస్తే ఏమవుతుందన్నది తెరవకముందే చూసుకోవాలి. మొదటి ఏడాది లోపు తీయడం కుదరదు. ఏడాది నుంచి మూడేళ్ల లోపు అయితే అసలులోంచి 2 శాతం, మూడేళ్ల తర్వాత 1 శాతం కోస్తారు. 9 లక్షల ఖాతాను ఏడాది నిండగానే మూసేస్తే వచ్చిన వడ్డీ 66,600లోంచి 18,000 పోయి 48,600 మిగులుతుంది. అంటే గిట్టుబాటు 5.4 శాతమే. అమ్మాయి సీటు ఫీజనో ఆస్పత్రి ఖర్చనో రెండు లక్షలు కావలసి వస్తే మొత్తం 9 లక్షల ఖాతానూ విరగ్గొట్టాల్సిందే, కొంచెం తీసుకోవడం ఉండదు. అందుకని 9 లక్షలూ ఒకే ఖాతాగా కాకుండా మూడేసి లక్షల చొప్పున మూడు ఖాతాలు తెరవాలి. పరిమితి లోపల ఎన్ని ఖాతాలైనా ఉండొచ్చు. ఒకటి విరిచినా నష్టం 6,000తో ఆగుతుంది. తెరిచిన తేదీ నుంచి నెల నిండినప్పుడు వడ్డీ వస్తుంది కాబట్టి ఒకటి నెల మొదట్లో, ఒకటి పదో తేదీన, ఒకటి ఇరవైన తెరిస్తే డబ్బు కూడా నెలంతా పరుచుకుని వస్తుంది.

ఇంకాస్త ఓపిక ఉంటే మూడింటినీ ఒకే ఏడు తెరవకండి. 2020 ఏప్రిల్ నుంచి 2022 సెప్టెంబరు దాకా రేటు 6.6 శాతం. ఆ కాలంలో 9 లక్షలకు సరిపడా లెక్కేస్తే నెలకు 4,950, ఇప్పటికంటే 600 తక్కువ, అదీ అయిదేళ్లపాటు. ఏడాదికొకటి చొప్పున తెరిస్తే ఒక చెడ్డ రేటుకు మొత్తం డబ్బు కట్టుబడిపోదు.

ఎంఐఎస్‌తో కుదరనివి ఏటా ఒకేసారి వచ్చిపడే ఖర్చులు. ఆరోగ్య బీమా ప్రీమియం, కాలేజీ ఫీజు, ఇంటి పన్ను, సంక్రాంతి. డెల్టాలో సంక్రాంతి అంటే మూడు రోజుల పండగ కాదు, అల్లుళ్లూ కూతుళ్లూ వియ్యాలవారూ దిగే వారం. బరి దగ్గర పందెం కాసేవాళ్ల లెక్క వేరే, దాన్ని పూడ్చే పథకం ఏ పోస్టాఫీసులోనూ లేదు. ఇలా ఏటా వచ్చే ఖర్చులకు పీపీఎఫ్ (పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్) బాగా సరిపోతుంది. పదిహేనేళ్లు నిండిన ఖాతాను కొత్తగా కట్టకుండా అలాగే కొనసాగించుకుంటే ఏడాదికి ఒకసారి ఎంతైనా తీసుకోవచ్చు. 7.1 శాతం వడ్డీ, పన్ను లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలోనే పీపీఎఫ్ తెరిచి ఉంచినవాళ్లకే ఈ సుఖం.

ఆరోగ్య బీమా విషయంలో ఆలస్యం చేస్తే మాత్రం ఏ వడ్డీ లెక్కా నిలవదు. కంపెనీ ఇచ్చిన గ్రూపు పాలసీ సాధారణంగా ఉద్యోగంతోనే పోతుంది. సొంత పాలసీ మానేయడానికి మూడేళ్ల ముందే తీసుకోవాలి, ఎందుకంటే అప్పటికే ఉన్న బీపీ, షుగరు లాంటి జబ్బులకు గరిష్ఠంగా మూడేళ్ల దాకా వెయిటింగు పెట్టవచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద జీఎస్టీ లేదు, అదొక ఊరట.

పోటీలో ఉన్న స్థానిక దారుల గురించి రెండు ముక్కలు. నోటు మీద వడ్డీకి తిప్పితే రెండు రూపాయలు, అంటే ఏడాదికి 24 శాతం. ఊళ్లో ఎవరు ఎలాంటివారో పాతికేళ్లు బయట ఉన్న మనిషికి తెలియదు, ఆ సంగతి తీసుకునేవాళ్లకు బాగా తెలుసు. మూడేళ్లలోపు చెల్లు వేయించకపోయినా, నోటు తిరగరాయించకపోయినా కాలదోషం పడుతుంది. రొయ్యల చెరువుకు లీజు కౌలు కంటే చాలా ఎక్కువ పలుకుతుంది. కాని రొయ్య ధర పడిన ఏడు లీజుదారు మధ్యలో చెరువు వదిలేస్తే, ఉప్పెక్కిన నేలను మళ్లీ వరికి తేవడం మీ నెత్తిమీద పడుతుంది.

నెలకు పదివేలు తెచ్చే చిన్న పని ఏదైనా ఉంటే ఈ లెక్కలన్నీ ఒక్కసారిగా తేలికవుతాయి. జీఎస్టీ రిటర్నులు వేసిపెట్టడం, సాయంత్రం లెక్కల ట్యూషను, కడియం నర్సరీల నుంచి మొక్కలు బయటి ఊళ్లకు పంపే ఆర్డర్లు చూడడం, ఏదైనా సరే. పదివేలంటే ఏడాదికి లక్షా ఇరవై వేలు. పాతిక రెట్ల లెక్కలోనే చూసినా 30 లక్షల నిధితో సమానం. ఎంఐఎస్ 18 లక్షలు ఇచ్చేదానికి ఇది దగ్గర దగ్గర. పైగా ట్యూషను ఫీజు ఏటా పెంచుకోవచ్చు.

గడువు తీరాక ఖాతా దానంతటది కొనసాగదు. పాత రేటు ఆగిపోతుంది. పాస్‌బుక్కు, మూసివేత ఫారం తీసుకెళ్లి డబ్బు పొదుపు ఖాతాలోకి వేయించుకుని, కావాలంటే ఆ రోజు రేటుకు కొత్త ఖాతా తెరవాలి. తేదీ గుర్తుండడం కష్టమనుకుంటే పాస్‌బుక్కు అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసుకోండి, భార్యకో భర్తకో చూపించి ఉంచండి.